బెదురుబొమ్మకు పసుపు చొక్కా

ఆ రోజు కోటేశ్వర్లుకు రెండు ముఖ్యమైన పనులున్నాయి. పొద్దున గిద్దలూరు బస్టాండు ఎదుట ధర్నా. మధ్యాహ్నం తన షాపులో సంతకాలు. ధర్నా ఎందుకంటే, పెద్ద కంపెనీలు తమ సరుకును ఒక్కరికే కట్టబెట్టే ఒప్పందాలు రద్దు కావాలని. సంతకాలు దేని మీదంటే, ఒక పెద్ద కంపెనీ తన సరుకును ఒక్క కోటేశ్వర్లుకే కట్టబెట్టే ఒప్పందం మీద.

ఈ రెండు పనులకూ మధ్య ఏదైనా పేచీ ఉందేమోనన్న అనుమానం అతనికి కలలో కూడా రాలేదు. హాయిగా కూర్చుని బొరుగుల ఉగ్గాణి తింటూ, మిరపకాయ బజ్జీ కొరుకుతూ, చేతి వేళ్ల మీద నినాదాలు గుర్తు చేసుకుంటున్నాడు. అతను గిద్దలూరు సెల్ షాపుల సంఘానికి అధ్యక్షుడు మరి.

నెల క్రితం 'మెరుపు' అనే కొత్త ఫోను వచ్చింది. అది 'బుట్టబజార్' అనే ఆన్‌లైన్ కంపెనీలో తప్ప ఇంకెక్కడా దొరకదని ఆ రెండు కంపెనీలూ కలిసి చాటింపు వేశాయి. అప్పటి నుంచి షాపుకు వచ్చిన ప్రతివాడూ "మెరుపు ఉందా?" అని అడగడం, లేదంటే కనీసం ఒక కవరైనా కొనకుండా వెళ్లిపోవడం. సంఘం సభ్యుల కడుపు మండింది. అందుకే ధర్నా, దిష్టిబొమ్మ దహనం.

"ఏమండీ, నాకొక సందేహం," అంది సీతామహాలక్ష్మి, ఇంకో బజ్జీ వడ్డిస్తూ. "మధ్యాహ్నం గజరాజు ఫోన్ల మేనేజరు వస్తాడంటిరి. ఆ ఫోన్లు మార్కాపురం నుంచి కొమరోలు దాకా మన షాపులోనే దొరకాలని రాసుకుంటారంటిరి. మరి బుట్టబజార్ చేసింది కూడా అదే కదా?"

"అది వేరే సంగతి."

"ఎట్ల వేరే?"

"వాళ్లు చేసేది దోపిడీ. మనది వ్యాపార దక్షత."

"పోయినేడు గజరాజు వాళ్లు తమ ఫోనులో ఒకే కంపెనీ సిమ్ము పనిచేసేట్టు ఒప్పందం చేసుకుంటే, మీరు షాపు ముందర లడ్డూలు పంచితిరి."

"అది మన దేశం కంపెనీ, లక్ష్మీ."

"మెరుపు కూడా మన దేశంలోనే చేస్తారంట. డబ్బా మీద రాసుందంట."

"డబ్బా మీద రాసిందంతా నమ్ముతారా ఎవరన్నా?" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు కోటేశ్వర్లు. ఆమెకు డబ్బా మీద రాసింది ఎలా తెలిసిందన్న ప్రశ్న అప్పుడే వేసి ఉంటే చాలా అనర్థం తప్పేది. వేయలేదు.

నిజానికి అతని ఆలోచనంతా మధ్యాహ్నం మీదే ఉంది. గజరాజు ఏజెన్సీ కోసం ఏడాదిగా ఒంగోలు ఆఫీసు చుట్టూ తిరిగాడు. పక్క గది అద్దెకు తీసుకుని, ఏనుగు బొమ్మతో బోర్డు రాయించి, దాని మీద దుప్పటి కప్పి ఉంచాడు. అంతకంటే పెద్ద సాహసం ఇంకొకటి చేశాడు. సంతకాలు కాకముందే పసుపు రంగు టీషర్టులు అచ్చు వేయించాడు. ముందు ఏనుగు బొమ్మ. వెనుక బారెడు అక్షరాలు: 'గజరాజు ఫోన్లు దొరికేది ఒకే ఒక్క షాపులో! కోటేశ్వర్లు సెల్ పాయింట్, గిద్దలూరు.' ఎదుటి షాపు ఉమామహేశ్వర్లు కంట పడకుండా వాటిని ఊళ్లో ఒక్కటి కూడా ఇవ్వలేదు. కొమరోలు దారిలోని పల్లెల్లో గుట్టుగా పంచి వచ్చాడు. టౌనుకు తెలిసేది సంతకాలయ్యాకే.

ఉమామహేశ్వర్లు సంఘానికి కార్యదర్శి. వరసకు బావమరిది. కోటేశ్వర్లు షాపులోకి ఎవరు వెళ్లారో, ఎంతసేపున్నారో, చేతిలో సంచితో వచ్చారో ఉత్త చేతులతో వచ్చారో తన కౌంటర్ నుంచే చెప్పగలడు.

దిష్టిబొమ్మ బాధ్యత గురవయ్యది. గురవయ్య ఆటో నడుపుతాడు, సంఘానికి మైకు కడతాడు, బ్యానర్లు కడతాడు, అవసరమైతే జనాన్ని కూడా తెస్తాడు. బొమ్మ కట్టడానికి గడ్డి, పాత ప్యాంటు ముందు రోజే ఇచ్చారు. మేనల్లుడి పెళ్లిచూపుల హడావుడిలో ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాడతను. పొద్దున తన ఊరి నుంచి టౌనుకు వస్తుంటే, రోడ్డు పక్కన సజ్జచేలో ఒక బెదురుబొమ్మ రెండు చేతులూ చాచి నిలబడి కనిపించింది. గడ్డితో కట్టిన ఒళ్లు, కుండ తల, మంచి బట్టలు. తాను కట్టినా ఇంత బాగా కుదరదనిపించింది. పీకి, వెనుక సీట్లో వెల్లకిలా పడుకోబెట్టి, మెడలో 'బుట్టబజార్' అని రాసిన అట్ట తగిలించి, ధర్నా స్థలానికి తెచ్చి కరెంటు స్తంభానికి వీపు ఆనించి నిలబెట్టాడు.

"భలే కట్టినావు గురవయ్యా!" అన్నారందరూ.

"రాత్రంతా కూర్చున్నానన్నా," అన్నాడు గురవయ్య.

కోటేశ్వర్లు కూడా మెచ్చుకున్నాడు. ఆ చొక్కా రంగు ఎక్కడో చూసినట్టనిపించింది గానీ, ఎండకు వెలిసి వానకు తడిసి అది ఇప్పుడు పసుపో తెలుపో తెలియకుండా ఉంది. ఏనుగును అట్ట కప్పేసింది. అతను మైకు అందుకున్నాడు.

"సోదరులారా! ఒకడే అమ్మాలంట, మిగతావాళ్లు చూస్తా కూర్చోవాలంట! ఇదేం న్యాయం? నేను 'ఒక్క షాపు ఒప్పందం' అంటే మీరేమనాల?"

"రద్దు చేయాల!"

"వినపళ్లా!"

"రద్దు చేయాల!"

బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా అందుకున్నారు. కోటేశ్వర్లుకు ఊపొచ్చింది. మాటిమాటికీ పిడికిలెత్తి, తాను సగం అని, జనంతో సగం అనిపించి, ఆ సగం కూడా తానే వాళ్లతో కలిసి అరిచాడు. కాసేపటికి అది నోటికి అలవాటైపోయింది. ఎవరు మొదటి సగం అన్నా రెండో సగం దానంతటదే వస్తోంది.

సరిగ్గా అప్పుడే జనాన్ని తోసుకుంటూ ఒక స్కూటీ వచ్చి వేదిక ముందు ఆగింది. నీలం చొక్కా, వీపున పెద్ద సంచి, దాని మీద బుట్ట గుర్తు. బుట్టబజార్ పార్శిళ్లు ఇచ్చే చెంచులక్ష్మి.

"కోటేశ్వర్లన్నా! పార్శిలు. ఇంటికాడికి పోతే తాళం. అక్కకు ఫోన్ చేస్తే ధర్నా కాడ ఉండామనింది. ఓటీపీ మీ ఫోనుకు వచ్చింటాది, చెప్పన్నా."

మైకు ఆపలేదని అప్పటికి ఎవరికీ గుర్తు రాలేదు. 'పార్శిలు', 'ఓటీపీ' అన్న మాటలు బస్టాండంతా మోగాయి. జనం నినాదాలు ఆపి పార్శిలు వైపు తిరిగారు.

కోటేశ్వర్లు భార్య కోసం వెదికాడు. సీతామహాలక్ష్మి టీ కొట్టు పక్కన నిలబడి, తనకేమీ తెలియనట్టు బస్సుల బోర్డులు చదువుతోంది.

"ఏంది బావా ఇది?" అన్నాడు ఉమామహేశ్వర్లు, ఏడాదిగా ఈ క్షణం కోసమే కాచుకున్నవాడిలా. "ఏమొచ్చింది దాంట్లో?"

"మెరుపు ఫోనన్నా," అంది చెంచులక్ష్మి, అడిగినవాడికి సాయం చేసే మంచితనంతో. "నల్లది."

వందమంది కళ్లు అధ్యక్షుడి మీద పడ్డాయి. సీతామహాలక్ష్మి దగ్గరికొచ్చి చిన్నగా అంది. "ఇంటర్‌లో ఫస్టొస్తే కొనిస్తానని పాపకు మాటిచ్చింది మీరే. మన షాపులో లేదంటిరి. ఇంకేం చేసేది?"

ఇలాంటప్పుడే నాయకుడి తెలివి బయటపడేది. కోటేశ్వర్లు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తెరిచి, మైకులో ఓటీపీ చదివి, పార్శిలు అందుకుని పైకెత్తాడు.

"సోదరులారా! ఇది నేనే తెప్పించినా! ఎందుకు? శత్రువు సరుకు శత్రువు దిష్టిబొమ్మతోనే తగలబడాల!"

జనం ఈలలు వేశారు. సీతామహాలక్ష్మి ముఖంలో రంగులు మారాయి. చెంచులక్ష్మి మాత్రం స్కూటీ తిప్పుకుంటూ, "నీ ఇష్టమన్నా. తగలబెట్టినాక వాపసు తీసుకోరు, ముందే చెప్తాండా," అంది. మళ్లీ ఏదో గుర్తొచ్చి ఆగింది. "ఇంకోటన్నా. మా కంపెనీ వాళ్లు పార్శిళ్లు దించుకునేదానికి గిద్దలూరులో ఒక షాపు చూడమన్నారు. ఊరంతటికీ ఒకటే షాపంట. ఎవరన్నా ఉంటే చెప్పు."

"ఒకటే షాపా? ఛీ! ఈ అన్యాయం నా చెవిన వెయ్యొద్దు!" అన్నాడు కోటేశ్వర్లు మైకులో. మళ్లీ చప్పట్లు.

ఉమామహేశ్వర్లు పార్శిలు లాక్కుని, బొమ్మ చొక్కా పైకెత్తి లోపలికి దూర్చాడు. బొమ్మకు చిన్న బొజ్జ వచ్చి, అచ్చం పెద్ద కంపెనీ యజమానిలా తయారైంది. ఆ దూర్చడంలో మెడలోని అట్ట పక్కకు జరిగింది.

అట్ట కింద నుంచి ఏనుగు తొండం చివర బయటికొచ్చింది.

కోటేశ్వర్లు కన్ను దాని మీద పడింది. ఆ తొండం అతనికి బాగా తెలుసు. తొండం పైకెత్తి ఉంటేనే శుభమని ప్రెస్సువాడితో గొడవపడి గీయించింది అతనే. అంటే ఆ చొక్కా తన చొక్కానే. అంటే ఆ వీపున, కరెంటు స్తంభానికి ఆనించి ఉన్న ఆ వీపున...

"తగలబెట్టండి!" అని కేక పెట్టాడు. "ఇంక ఆలస్యం దేనికి? గురవయ్యా, పెట్రోలేదీ?"

"బాటిల్లో పొయ్యరంటన్నా బంకోళ్లు. నా ఆటోలోంచి తీస్తాండా."

సీతామహాలక్ష్మి అతని మోచేయి పట్టుకుంది. "ముందు ఆ ఫోను బయటికి తీయండి."

"కుదరదు లక్ష్మీ. నలుగుర్లో చెప్పేసినా."

"పాప అడిగితే ఏం చెప్పేది? మీ నాయన బొమ్మ కడుపులో పెట్టి కాల్చినాడని చెప్పాల్నా?"

పరిస్థితి అతనికి అద్దంలా కనిపించింది. బొమ్మను తగలబెడితే కూతురి ఫోను పోతుంది, భార్యతో మాట పోతుంది. తగలబెట్టకపోతే గుట్టు బయటపడుతుంది, సంఘం పోతుంది, మధ్యాహ్నం వచ్చే మేనేజరు ముందు పరువూ ఏజెన్సీ రెండూ పోతాయి. ఫోను బయటికి తీయాలంటే బొమ్మను కదిలించాలి. కదిలిస్తే వీపు కనిపిస్తుంది. అతను వెళ్లి బొమ్మకు ఎదురుగా నిలబడి, రెండు చేతులతో దాన్ని స్తంభానికి అదిమిపట్టాడు.

"ఏంది బావా, వాటేసుకున్నావు?" అన్నాడు ఉమామహేశ్వర్లు.

"గాలికి పడిపోతాదని."

ఆకు కూడా కదలడం లేదు.

అంతలో ఒక షేర్ ఆటో కీచుమని ఆగింది. దాంట్లోంచి ఒక ముసలావిడ, కొంగు నడుముకు చుట్టి, చేతిలో పిట్టలను తోలే వడిసెలతో దిగింది. కొమరోలు దారిలో సజ్జచేను వేసిన పాపమ్మ. ఆమె కళ్లు జనాన్నీ మైకునూ బ్యానర్లనూ దాటి తిన్నగా స్తంభం మీద పడ్డాయి.

"అదిగో నా బొమ్మ! యాడికి తెచ్చినార్రా? పొద్దున్నించి చిలకలు సగం చేను ఊడ్చుకొని పోయినాయి! పసుపు ఆటో అని చెప్పినారు, ఎవుడిదిరా ఆ ఆటో?"

గురవయ్య తన ఆటో వెనక్కి వెళ్లి దాక్కున్నాడు.

"అవ్వా, ఇది ధర్నా బొమ్మ, నీది కాదు," అన్నాడు కోటేశ్వర్లు, బొమ్మను వదలకుండా.

"నాది కాదా? ఆ కుండ పగిలితే మైనం పూసింది నేను. ఆ ప్యాంటు మా ఆయనది. ఆ చొక్కా..." అంటూ అతని ముఖంలోకి చూసి ఆగింది. "చొక్కా ఇచ్చింది నువ్వే గదా శెట్టీ! మా ఊరికొచ్చి రచ్చబండ కాడ పంచినావు!"

"నేనా? ఎప్పుడు?"

"ఎప్పుడేంది? ఇచ్చింది పిల్లోళ్ల కొలత, మనిషికి పట్టకపోతే బొమ్మకేసినా. జరుగు!"

పాపమ్మ బొమ్మ చెయ్యి పట్టి లాగింది. కోటేశ్వర్లు రెండో చెయ్యి పట్టి లాగాడు. గొర్రెలను కాచి, చేను దున్ని గట్టిపడ్డ చేతులతో సెల్ ఫోన్లకు గాజు అంటించే చేతులు ఎంతసేపు పోటీ పడతాయి? బొమ్మ గిర్రున తిరిగి జనానికి వీపు చూపించింది.

చేలో దక్షిణానికి తిరిగి నిలబడ్డ బొమ్మ వీపుకు ఎండ తగల్లేదు. అక్షరాలు నిన్న అచ్చువేసినట్టే ఉన్నాయి.

ఉమామహేశ్వర్లు మైకు దగ్గరికి నడిచి, గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడదీసి చదివాడు. "గజరాజు ఫోన్లు... దొరికేది... ఒకే ఒక్క షాపులో... కోటేశ్వర్లు సెల్ పాయింట్... గిద్దలూరు."

టీ కొట్టువాడు గ్లాసు పట్టుకునే బయటికొచ్చి చూశాడు.

"అది వేరే సంగతి," అన్నాడు కోటేశ్వర్లు.

"ఎట్ల వేరే బావా?" అన్నాడు ఉమామహేశ్వర్లు. పొద్దున ఇదే ప్రశ్న వేసిన సీతామహాలక్ష్మి కూడా జవాబు కోసం ఆసక్తిగా చూసింది.

జవాబు చెప్పే అవసరం రాలేదు. మార్కాపురం వైపు నుంచి వచ్చిన ఒక తెల్ల కారు జనం మధ్య ఇరుక్కుని ఆగింది. దాని తలుపు మీద తొండమెత్తిన ఏనుగు. గజరాజు కంపెనీ మేనేజరు దేవదానం, దారి ఖాళీగా ఉండడం వల్ల అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు. అద్దం దించి చూస్తే అతనికి కనిపించింది ఇది: తమ కంపెనీ చొక్కా వేసుకున్న దిష్టిబొమ్మ, పక్కన ఆటో చాటున పెట్రోలు సీసాతో ఒక మనిషి, చుట్టూ కోపంగా ఉన్న జనం, బొమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ తమ కాబోయే ఏజెంటు.

"అదిగో, ఏనుగు కంపెనీ వచ్చింది!" అన్నారెవరో. జనం కారు చుట్టూ మూగారు. ఉమామహేశ్వర్లు ఈ అవకాశాన్ని వదలలేదు. మైకులో గట్టిగా అందుకున్నాడు.

"ఒక్క షాపు ఒప్పందం!"

"రద్దు చేయాల!" అని అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా, పిడికిలెత్తి అరిచినవాడు కోటేశ్వర్లు. పొద్దుటి నుంచి నోటికి పడ్డ అలవాటు. అరిచాక గానీ ఏమరిచాడో అతనికి తెలియలేదు.

దేవదానం కారులోంచి దిగాడు. ఒంగోలులో ఇలాంటివి చాలా చూసినవాడు. పెట్రోలు సీసాను ఓ కంట కనిపెడుతూనే చేతులు జోడించాడు.

"కోటేశ్వర్లు గారూ, ఏజెన్సీ మీకే కావాలని మీరే ఏడాదిగా తిరిగారు. ఇప్పుడు రద్దు చేయమని మీరే అంటున్నారు. మంచిది సార్. మీ మాటే మా మాట. ఈ క్షణం నుంచి గజరాజు ఫోన్లు గిద్దలూరులో ప్రతి షాపుకూ ఇస్తాం!"

"అయ్యో సార్, అది వేరే..." అని మొదలుపెట్టాడు కోటేశ్వర్లు. ఆ మాట ఎవరికీ వినపడలేదు. జనం ఒక్కసారిగా గోల చేశారు. సంఘం సభ్యులు అతన్ని భుజాల మీదికెత్తుకున్నారు. చేతికందిన ఏజెన్సీని సంఘం కోసం వదులుకున్న అధ్యక్షుణ్ణి వాళ్లు ఎక్కడా చూడలేదు. చొక్కాలు అచ్చేసింది కూడా ఈ నాటకం కోసమేనని, కంపెనీని ఊళ్లోకి రప్పించి నలుగురి ముందు ఒప్పించడానికి పన్నిన వ్యూహమని అక్కడికక్కడే ఒక కథ పుట్టింది. పూలకొట్టు నుంచి దండ వచ్చింది. అది వేసింది ఉమామహేశ్వర్లు.

"అపార్థం చేసుకుంటి బావా," అన్నాడు, చెవి దగ్గర. "నా షాపుకు మొదటి లోడు ఎప్పుడొస్తాది?"

కోటేశ్వర్లు దండలోంచి కిందికి చూశాడు. పాపమ్మ బొమ్మను భుజాన వేసుకుని షేర్ ఆటో ఎక్కుతోంది. బొమ్మ బొజ్జ అలాగే ఉంది.

"ఫోను!" అని అరిచాడు భుజాల మీది నుంచి. "ఆపండి! ఫోను!"

జనం "ఫోను! ఫోను!" అని వంత పాడారు. ఆటో కొమరోలు వైపు వెళ్లిపోయింది.

సాయంత్రం భార్యాభర్తలిద్దరూ స్కూటరు మీద సజ్జచేనికి వెళ్లారు. బొమ్మ మళ్లీ తన చోట చేతులు చాచి నిలబడి ఉంది. అయితే ఇప్పుడు పైన ఒట్టి గడ్డే. పాపమ్మ గట్టు మీద కూర్చుని, పార్శిలు ఒళ్లో పెట్టుకుని వాళ్ల కోసమే చూస్తోంది.

"నీ డబ్బా నాకెందుకు శెట్టీ, తీసుకో. నీ చొక్కా మాత్రం లాగులాటలో నిలువునా చినిగిపోయింది. రేపటికి నా బొమ్మకు ఇంకో చొక్కా రావాల. లేకపోతే నేనే వడిసెల తీసుకొని నీ దుకాణం కాడికి వస్తా."

"ఆ చొక్కాలింక లేవవ్వా," అన్నాడు కోటేశ్వర్లు. నిజానికి షాపులో ఇంకా రెండు మూటలున్నాయి. కానీ వాటిని చూస్తేనే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు కోటేశ్వర్లు లెక్కలు వేసుకున్నాడు. పక్క గదికి అద్దె కట్టాలి. దుప్పటి కింద బోర్డు ఉంది. గజరాజు ఫోన్లు ఇక ఊళ్లో ప్రతి సందులో దొరుకుతాయి. ఊరి పొలిమేర దగ్గర స్కూటరు ఆపి, ఫోను తీశాడు.

"చెంచులక్ష్మమ్మా, నేను కోటేశ్వర్లన్నను. పొద్దున ఏదో అన్నావే, పార్శిళ్లు దించుకునేదానికి షాపని... ఊరంతటికీ ఒకటేనా? గట్టిగా ఒకటే గదా? రెండోది ఇయ్యరు గదా?... ఆఁ, పక్క గది ఖాళీగానే ఉంది తల్లీ. ఎదురు షాపు ఉమామహేశ్వర్లుకు మాత్రం చెప్పొద్దు."

వెనుక సీట్లో సీతామహాలక్ష్మి కూతురి ఫోను పార్శిలును ఒళ్లో సర్దుకుంది. "ఏమండీ, పొద్దున దీన్నే కదా అన్యాయమంటిరి?"

"అది," అని స్కూటరు స్టార్టు చేశాడు కోటేశ్వర్లు, "వేరే సంగతి."

వారం తిరక్కుండా ఏనుగు బోర్డు మీద బుట్ట బొమ్మ వచ్చింది. బుట్టబజార్ వాళ్లు పంపిన నీలం టీషర్టులు కూడా వచ్చాయి. 'మీ ఊళ్లో మీ పార్శిలు దొరికేది ఇక్కడ మాత్రమే' అని రాసిన వాటిలో మొదటిదాన్ని అతను వడిసెలకు భయపడి పాపమ్మకే పంపాడు. ఎదుటి షాపులో సంఘం కార్యదర్శి ఉమామహేశ్వర్లు మళ్లీ ధర్నాకు మైకు మాట్లాడుకుంటున్నాడు. దిష్టిబొమ్మ బాధ్యత ఎప్పటిలాగే గురవయ్యకు అప్పగించారు.

కొమరోలు దారిలో మాత్రం, చొక్కా పసుపు నుంచి నీలానికి మారినా చిలకలు ఎప్పటిలాగే దూరంగా వాలాయి. వాటికి ఆ రెండింటికీ తేడా ఏమిటో తెలియలేదు.